ముప్ఫై రెండు బొమ్మల రాజముద్ర

ఒకానొక రాజ్యంలో అని మొదలుపెడితే ఏ రాజ్యం అని అడుగుతారు కాబట్టి పేరు ముందే చెప్పేస్తున్నాను. వెలగదుర్గం. ఏటి ఒడ్డున కోట, కోట చుట్టూ ఊరు. దాన్ని ఏలినవాడు ఉద్దండభూపతి. ఈ కథలో మొదటినుంచి చివరిదాకా ఎవరో ఒకరు నోరు తెరుచుకుని నిలబడే ఉంటారు. మొదటిసారి విన్నప్పుడు నేనూ అలాగే ఉండిపోయాను.

ఉద్దండభూపతి చెడ్డవాడు కాడు. కాకపోతే తనంతటి రాజు ముల్లోకాల్లోనూ లేడని ఆయనకు గట్టి నమ్మకం. నిద్ర లేవగానే అద్దంలో తన మీసం చూసుకుని, దానికి తానే నమస్కారం పెట్టేవాడని అంతఃపురంలో చెప్పుకునేవారు.

ఒక ఏడు ఏటికి అవతలి దేశంలో పెద్ద తిరునాళ్లు జరిగాయి. చుట్టుపక్కల రాజులందరూ వచ్చి డేరాలు వేసుకున్నారు. ప్రతి డేరా మీదా ఒక జెండా. ఒకరిది చేప, ఒకరిది గొడ్డలి, ఒకరిది తాటిచెట్టు. మన రాజుగారి డేరా మీద మాత్రం ఉత్త ఎర్రగుడ్డ. పూసలు అమ్ముకునే ఒకావిడ ఆ గుడ్డను చూసి, "ఇది మిఠాయి కొట్టా నాయనా?" అంటూ లోపలికి తొంగి చూసింది. లోపల కూర్చున్నది సాక్షాత్తూ ఉద్దండభూపతి.

రాజుగారు అప్పటికప్పుడు డేరా ఎత్తించాడు. తిరునాళ్లు సగంలో వదిలేసి కోటకు వచ్చేశాడు. వచ్చీ రాగానే కొలువు తీర్చాడు.

"నాకూ ఒక రాజచిహ్నం కావాలి. ఒక్కసారి చూసినవాడు జన్మలో మరిచిపోకూడదు," అన్నాడు.

ఆస్థాన పండితుడు మార్తాండశాస్త్రి శాలువా సర్దుకుని లేచాడు. ఆయన లేచాడంటే సభలో సగం మంది ఆవలింతలు ఆపుకోవడానికి సిద్ధమయ్యేవారు.

"ప్రభూ, జెండా మీద ఒక్క చేప పెట్టుకున్నవాడు చేపపాటి రాజు. గొడ్డలి పెట్టుకున్నవాడు గొడ్డలిపాటి రాజు. తమరి దగ్గర లేనిది ఏముంది? అందుకని అన్నీ పెట్టాలి," అన్నాడు శాస్త్రి.

రాజుగారికి ఆ మాట తేనెలా తగిలింది. వెంటనే పని మొదలైంది. మొదట సింహం గీయించారు. పట్టపుటేనుగు ఏదీ అని రాజుగారు అడిగాడు. ఏనుగు వచ్చింది. ఒక్క ఏనుగేమిటి, అష్టదిగ్గజాలూ ఉండాలన్నాడు శాస్త్రి. ఎనిమిది వచ్చాయి. రాణిగారికి నెమలి ఇష్టం. సేనాపతికి రెండు ఫిరంగులు లేకపోతే పరువు తక్కువ. మంత్రిగారు త్రాసు అన్నారు. సూర్యుణ్ణి పెట్టి చంద్రుణ్ణి వదిలేస్తే ఎలా అని ఇంకెవరో అన్నారు. ఇలా మూడు నెలలు గడిచేసరికి ముప్ఫై రెండు బొమ్మలయ్యాయి. అన్నిటి మధ్యా మేరుపర్వతం, చుట్టూ చిన్న అక్షరాల్లో శాస్త్రిగారి సీసపద్యం. ముప్ఫై రెండు దగ్గర ఎందుకు ఆగారంటే గుడ్డలో చోటు అయిపోయింది.

జెండా సరే, ముద్ర కూడా ఉండాలి కదా. కంసాలి ఆ ముప్ఫై రెండింటినీ, పద్యంతో సహా, అరచేతిలో పట్టే ఇత్తడి బిళ్ల మీద చెక్కాడు. సింహం చీమంత అయింది. పాపం ఆ కంసాలి, పని పూర్తయ్యాక రెండు రోజులపాటు సొంత భార్యను చూసి ఎవరమ్మా నువ్వు అని అడిగాడట.

ముద్ర చేతికి రాగానే ఉద్దండభూపతి సభలో ఒక శాసనం చేశాడు.

"ఇకమీదట ఈ ముద్ర లేని ఆజ్ఞ నా ఆజ్ఞ కాదు. ముద్ర లేని ఆజ్ఞను అమలు చేసినవాడి తల తీయిస్తాను. వేరే ముద్రను చూసి ఇది రాజముద్రే అని పలికినవాడి కుడి బొటనవేలు తీయిస్తాను. వాడు ఎంతటివాడైనా సరే!"

రాజుగారి పక్కనే తాంబూలం చుడుతున్న మనిషి తలెత్తాడు. ఆయన పేరు వల్లభయ్య. అడపం పట్టే ఉద్యోగం, అంటే రాజుగారికి వేళకు ఆకూ వక్కా అందిస్తూ ఎప్పుడూ పక్కనే ఉండటం. ఆ చనువుతోనే ఎవరూ అనలేని మాటలు కూడా ఆయన అనగలిగేవాడు.

"ఎంతటివాడైనానా ప్రభూ?" అన్నాడు.

"ఎంతటివాడైనా!"

"చిత్తం," అని వల్లభయ్య మళ్లీ ఈనెలు తీయడంలో పడ్డాడు. ముద్ర తన అందుబాటులో ఉండాలని రాజుగారు ముద్రపెట్టెను కూడా అడపపు పెట్టె పక్కనే పెట్టించి, రెండూ ఆయనకే అప్పగించాడు.

జెండా ఆవిష్కరణకు చైత్ర శుద్ధ దశమి ముహూర్తం పెట్టారు. పట్టు జెండా, నలభై మూరల పొడవు. మూడు నెలలు పాతికమంది చేతుల్లో నలిగి నలిగి మాసిపోయింది. ఉతికి తెమ్మని రేవుకు పంపారు.

ఇక్కడే ఈ కథ మలుపు తిరిగింది. కాబట్టి రేవు సంగతి కొంచెం చెప్పాలి.

కోట బట్టలన్నీ ఉతికేది పైడమ్మ. నలభై ఏళ్ల మనిషి. భర్త పోయాడు, పిల్లలు లేరు, మంచాన పడిన అత్తను ఆమే చూసుకునేది. కోటవే కాదు, ఊళ్లో తొంభై ఇళ్ల బట్టలు ఆమె రేవుకే వచ్చేవి. ఆమెకు అక్షరం ముక్క రాదు. అయినా ఒక ఇంటి పంచె ఇంకో ఇంటికి వెళ్లిన రోజు లేదు. ఎందుకంటే ఇంటికొక గుర్తు. నల్లజీడి గింజను సూదితో గుచ్చి, ఆ రసంతో బట్ట అంచున గుర్తు పెట్టేది. ఆ నలుపు ఎంత ఉతికినా పోదు. బట్ట చిరుగుతుంది గాని గుర్తు చెరగదు. మంత్రిగారిది మూడు చుక్కలు, సేనాపతిది అడ్డగీత, శాస్త్రిగారిది కొక్కెం. రాజుగారి బట్టలకు ఒక వంపు గీత, దాని మీద ఒక చుక్క.

జెండా రేవుకు వచ్చింది. పైడమ్మ కుంకుడు రసంలో నానబెట్టి, చేతులతోనే సుతారంగా ఉతికింది. ఆరేసింది. మడత పెట్టబోతూ ఇది ఎవరిదని చూసుకుంది. రాజుగారిది. సూది తీసింది, అంచున గుర్తు పెట్టింది. పెద్ద గుడ్డ కదా అని జానెడంత పెట్టింది.

దశమి నాడు కోటగోడ మీంచి జెండాను కిందికి జార్చారు. బాకాలు ఊదారు. ఊరంతా తలెత్తి చూసింది. చూసి ఊరుకుంది. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. తలలు కుడికీ ఎడమకీ తిప్పుతున్నారు. దూరంగా ఉన్నవాళ్లు అది రత్నకంబళేమో అనుకున్నారు. ఒక ముసలాయన అయితే రంగు అంటుకున్న గుడ్డను ఆరేశారని బాధపడ్డాడు.

అంతలో పల్లకీ మోసే బోయీ ఒకడు గట్టిగా అరిచాడు. "అదిగో, మన రాజుగారిది!"

"అవునవును, రాజుగారిదే! జై ఉద్దండభూపతి!" అని జనం ఒక్కసారిగా హోరెత్తిపోయారు.

బురుజు మీద నిలబడ్డ ఉద్దండభూపతి మీసం మెలేశాడు. బోయీని పైకి పిలిపించాడు. "ఏది చూసి పోల్చుకున్నావు? సింహమా? మేరువా?" అన్నాడు ముద్దుగా.

"సింహం ఎక్కడుంది ప్రభూ?" అన్నాడు బోయీ. "ఆ మూల, కింద, తమరి గుర్తుంది కదా. వంపూ చుక్కా. ఆ గుర్తు తెలియనివాడు ఊళ్లో ఎవడున్నాడు?"

రాజుగారు వంగి చూశాడు. ముప్ఫై రెండు బొమ్మల కింద, నల్లగా, ఇంకేదీ అంత స్పష్టంగా లేదన్నంత స్పష్టంగా ఆ గుర్తు ఉంది. ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. మూడు నెలల పని, సీసపద్యం, అష్టదిగ్గజాలు అన్నీ గంగలో కలిశాయి. జనం జేజేలు కొట్టింది రేవు గుర్తుకు!

"ఎవరిదీ పని?" అని రాజుగారు గర్జించాడు.

పైడమ్మను లాక్కొచ్చారు. ఆమె ఏమీ దాచలేదు. పెట్టింది తనేనంది.

"నా సింహం పాదాల కింద మురికిగుర్తు పెట్టిన ఆ కుడి బొటనవేలు నరకండి," అన్నాడు ఉద్దండభూపతి. "ఎల్లుండి ఉదయం, నిండు సభలో. నా కొత్త ముద్ర పడే మొదటి తాఖీదు ఇదే కావాలి. వల్లభయ్యా, రాయించి తీసుకురా."

బాకా ఊదేవాడు బాకా నోటి దగ్గర పెట్టుకుని అలాగే ఉండిపోయాడు.

ఆ సాయంత్రం పైడమ్మ అడపపు గది వాకిట్లో కూలబడింది. ఎల్లుండి దాకా కోట దాటి పోకూడదని కాపలా పెట్టారు. వల్లభయ్య ఆమెకు మంచినీళ్లు ఇచ్చాడు.

"నానేటి పాపం సేసినాను బాబూ?" అంది ఆమె. "గుడ్డ సేతికొచ్చింది. రాజుగోరిది. గుర్తెట్టినాను. అలవాటు పడ్డ సెయ్యి, బుర్రనడిగి సేత్తదా? బొటనేలు లేకపోతే తడిగుడ్డెలా పిండుతాను? నా ముసలత్తకి గంజెవులు పోత్తారు?"

వల్లభయ్య మనసు చివుక్కుమంది. "పైడమ్మా, తొంభై ఇళ్ల గుర్తులు నీకెలా జ్ఞాపకం ఉంటాయి?" అని అడిగాడు.

"జ్ఞాపకం ఎట్టుకోవాల్సిన గుర్తు గుర్తేటి బాబూ?" అంది ఆమె కళ్లు తుడుచుకుని. "తెల్లారకముందు మసకలో కనపడాల. తడిసినా, ముడత పడినా, సగం సిరిగినా కనపడాల. పక్కింటి గుర్తుతో కలవకూడదు. రెండు పోట్లలో ఎట్టెయ్యాల. ఇంకోటి కలిపితే సూడ్డానికి బావుంటాదని అనిపిత్తాది. కలిపితే మాత్రం గుడ్డలు తారుమారే."

వల్లభయ్య ఆ మాటలు మనసులో పెట్టుకున్నాడు. తరవాత ఆమెకు ఏదైనా తినడానికి తెద్దామని వంటశాలకు వెళ్లాడు. అక్కడ వంటమనిషి మరునాటి కూరకు ఏదో కోస్తున్నాడు. ఆ కోస్తున్నదాన్ని చూసి వల్లభయ్యకు కొయ్యబారినంత పనైంది. దగ్గరికి వెళ్లి చూశాడు. ఒక చెక్క చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. ఏమిటది అని నన్ను ఇప్పుడే అడగకండి.

"ఎల్లుండి పొద్దున్న నాకు ఇలాంటిదే ఒకటి కావాలి," అని మాత్రం చెప్పి, మజ్జిగన్నం పట్టుకుని వచ్చేశాడు.

ఆ రోజు రానే వచ్చింది. సభ కిక్కిరిసిపోయింది. నడిమధ్యన చింతమొద్దు, దాని పక్కన కత్తితో తలారి పోలయ్య. పోలయ్య చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి, అటూ ఇటూ ఒక్క అంగుళం కూడా జరగడు. పైడమ్మ కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని నిలబడింది.

వల్లభయ్య వెండి పళ్లెంలో కాగితం తెచ్చి రాజుగారి ముందు పెట్టాడు. అడుగున నల్లటి గుండ్రటి ముద్ర.

"ప్రభూ, కాగితం సిద్ధం. ముద్ర సరిగా పడిందో లేదో తమరే చూసి సెలవియ్యాలి. లేకపోతే పోలయ్య తల పోతుంది."

ఉద్దండభూపతి కాగితం ఎత్తి పట్టుకుని, రాత వదిలేసి ముద్ర మాత్రమే చూశాడు. ముఖం వెలిగిపోయింది. "ఆహా! ఇదిగో నా సింహం. చూడండి శాస్త్రిగారూ, ఎంత రాజసంగా ఉందో!"

శాస్త్రి పరుగున వచ్చి వంగాడు. "జూలు కూడా కనిపిస్తోంది ప్రభూ. ఇవిగో చుట్టూ వరసగా దిగ్గజాలు. నడుమ మేరుపర్వతం. ఇటు నెమలి."

"మీ పద్యం పడిందా శాస్త్రిగారూ?" అని వల్లభయ్య వినయంగా అడిగాడు.

"అంచు వెంట ఉంది. మూడో పాదం మరీ స్పష్టంగా పడింది!"

"అయితే ఇది రాజముద్రే అని ఇద్దరూ నిండు సభలో పలుకుతున్నారా?"

"పలుకుతున్నాను," అన్నాడు రాజు. "ముమ్మాటికీ పలుకుతున్నాను," అన్నాడు శాస్త్రి.

"చిత్తం. ఇక రాయసంవారు పైకి చదవాలి."

రాయసం అంటే సభలో కాగితాలు రాసి చదివే ఉద్యోగి. ఆయన కాగితం అందుకుని గొంతు సవరించుకున్నాడు. మొదటి మాట మింగేశాడు. రాజుగారు కళ్లెర్రజేస్తే చదివాడు.

"ఉద్దండభూపతివారి కొలువులో అడపం వల్లభయ్య సభకు విన్నవించునది. దీని అడుగున ఉన్నది రాజముద్ర కాదు. వంటశాలలో అడ్డంగా కోసిన లేత పనసకాయకు దీపం మసి పూసి అద్దినది. దీనిని ఎవ్వరూ రాజాజ్ఞగా నమ్మవద్దు."

వింజామర వీచే మనిషి చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. మంత్రిగారు పక్కనున్న సేనాపతి భుజం పట్టుకున్నారు. ఆయన ఏ భుజం పట్టుకున్నారో సేనాపతికి కూడా తెలియలేదు.

మార్తాండశాస్త్రి కాగితం లాక్కుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. పనసపాల వాసన గుప్పున కొట్టింది. కాగితం పారెయ్యబోయాడు. అది బొటనవేలికి అతుక్కుపోయి ఊడి రాలేదు.

వల్లభయ్య అడపపు పెట్టె తెరిచి, అరటాకులో చుట్టిన పనసచెక్కను తీసి పళ్లెంలో పెట్టాడు. మసి పూసిన వైపు పైకి ఉంది. మధ్యలో కాడ, దాని చుట్టూ తొనలు, పిక్కలు, అంచున ముళ్ల వరస. మరో కాగితం మీద ఇత్తడి ముద్రను కూడా అద్ది, రెండూ పక్కపక్కనే పట్టుకున్నాడు. రాజుగారు దీన్ని చూశాడు, దాన్ని చూశాడు. మళ్లీ దీన్ని చూశాడు. నా మీద ఒట్టు, ఆయన తేడా పోల్చలేకపోయాడు.

"వల్లభయ్యా! దొంగముద్ర వేస్తావా?" అని రాజుగారు అరిచాడు.

"దొంగముద్ర ఎక్కడ ప్రభూ? ఇది పనసకాయ అని నేను రాసే ఇచ్చాను. రాజముద్ర అన్నది తమరూ, శాస్త్రిగారూ." వల్లభయ్య చేతులు జోడించాడు. "వేరే ముద్రను రాజముద్ర అని పలికినవాడు ఎంతటివాడైనా సరే అని తమరి శాసనం. ఎంతటివాడైనానా అని నేను అప్పుడే అడిగాను. కాబట్టి పొద్దున ఒక్క బొటనవేలు. ఇప్పుడు మూడు."

తలారి పోలయ్య ముందుకు వచ్చాడు. చేతిలో కత్తి ఉంది, కళ్లలో నీళ్లున్నాయి.

"మొద్దు ఒక్కటే తెచ్చాను ప్రభూ. ముందు ఎవరిది?" అన్నాడు.

శాస్త్రిగారు కాగితంతో సహా కుడిచేతిని శాలువాలో దాచేసుకున్నాడు. ఉద్దండభూపతికి సింహాసనం కింద నేల కదిలినట్టయింది.

"ఆగరా! ఆ శాసనం రద్దు. శిక్ష రద్దు. అందరి వేళ్లూ రద్దు, కాదు, అందరి వేళ్లూ ఉంటాయి!"

"ముద్ర లేని ఆజ్ఞ వింటే నా తల తీయిస్తామన్నారు ప్రభూ," అన్నాడు పోలయ్య ఏడుపు గొంతుతో.

"వల్లభయ్యా, ముద్ర వెయ్యి!"

"ఏది వెయ్యమంటారు ప్రభూ? ఇత్తడిదా, పనసదా?"

"ఏది వేసినా నాకెలా తెలుస్తుంది?" అన్నాడు పోలయ్య. "తమరికే తెలియలేదు కదా."

ఇంత నిజం ఆ సభలో ఎప్పుడూ ఎవరూ పలికి ఎరగరు. రాజుగారు తన కుడి బొటనవేలిని చూసుకున్నాడు. అటు పైడమ్మను చూశాడు. ఆమె ఇంకా అలాగే ఎడమచేత్తో కుడిచేతిని పట్టుకుని ఉంది. ఆ పట్టు ఎందుకో ఆయనకు అప్పుడు తెలిసింది. తను కూడా అలాగే పట్టుకుని ఉన్నాడు.

ఆయన సింహాసనం దిగాడు. ముద్ర అద్దడానికి తెచ్చిన మసి గిన్నెలో బొటనవేలు ముంచాడు. ఇంకో కాగితం తీసుకుని ఒక వంపు గీశాడు. దాని మీద ఒక చుక్క పెట్టాడు. పోలయ్య ముఖం ముందు పట్టుకున్నాడు.

పోలయ్య కత్తి కింద పెట్టి సాష్టాంగపడ్డాడు. "ఇది ప్రభువులదే! నా తల నిలిచింది."

సభ చివర నిలబడ్డవాళ్లకు కూడా అది కనిపించింది. "రాజుగారిదే, రాజుగారిదే," అని అక్కణ్ణుంచే అన్నారు.

"అంత దూరంనుంచి ఎలా తెలిసింది మీకు?" అన్నాడు ఉద్దండభూపతి. ఆశ్చర్యంతో ఆయన నోరు మూతపడలేదు.

"ఏటి ఇసకలో ఆరేసిన బట్టల మీద రోజూ చూస్తాం కదా ప్రభూ," అన్నాడు పోలయ్య లేస్తూ. "ఆ గుర్తున్న గుడ్డను మా వీధికుక్క కూడా చుట్టు తిరిగి పోతుంది గాని తొక్కదు."

వల్లభయ్య మెల్లగా అడిగాడు. "ప్రభూ, మన జెండా మీద సింహం ఎటువైపు చూస్తుంది?"

రాజుగారు నోరు తెరిచాడు. ఆలోచించాడు. మూసుకున్నాడు.

"మూడు నెలలు రోజూ చూసిన బొమ్మ జ్ఞాపకం లేదు. మరి ఈ గుర్తును తమరు ఎన్నిసార్లు చూశారు?"

"మొన్న ఒక్కసారి," అన్నాడు ఉద్దండభూపతి. "అదీ కోపంలో."

అని తన చేతిలో కాగితంకేసి చూసుకుని, ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టాడు. రాజు నవ్వితే నవ్వాలో ఏడవాలో తెలియక సభ కాసేపు బిక్కమొహం వేసుకుని నిలబడింది. ఆపైన మెల్లగా అందరూ అందుకున్నారు. శాస్త్రిగారు మాత్రం శాలువాలోంచి చెయ్యి తియ్యలేదు.

"పైడమ్మా, ఇలా రా," అని పిలిచాడు రాజు. "తప్పు నాది. ఇకమీదట మన రాజ్యానికి నీ గుర్తే జెండా, నీ గుర్తే ముద్ర. ఒక్క సంగతి చెప్పు. ఈ వంపు నా మీసమే కదూ?" అని మీసం మెలేశాడు.

పైడమ్మ నేలచూపులు చూసింది. "కోప్పడనంటే సెప్తాను బాబూ."

"కోప్పడను."

"అది మీసం కాదు బాబూ. ఉయ్యాల. ఆ సుక్క నువ్వు."



"గుర్తు నాది కాదు, మా అత్తది," అంది పైడమ్మ. "నువ్వు పుట్టిన పదకొండో రోజున నీ పొత్తిగుడ్డలు మా రేవుకొచ్చినాయంట. ఏ గుర్తెట్టాలా అని మా అత్త ఆలోసించిందంట. అప్పటికి నీకు కిరీటం లేదు, మీసం లేదు, సింహాలూ ఏనుగులూ లేవు. ఉయ్యాలొక్కటే ఉంది. అదే ఎట్టింది. ఆ గుడ్డల కాడినుంచి ఈ పట్టు పంచెల దాకా అదే గుర్తు."

ఉద్దండభూపతి చెయ్యి మీసం మీంచి కిందికి దిగింది. తన ఉత్తరీయం అంచు వెతికి పట్టుకుని, ముప్ఫై ఏడేళ్లుగా తన ఒంటి మీదే ఉన్న ఆ గుర్తును మొదటిసారి వేలితో తడిమి చూశాడు. కళ్లు చెమర్చాయి. ఆ తరవాత ఆయన నవ్విన నవ్వుకు కోటలో పావురాలు లేచిపోయాయంటారు.

పైడమ్మ అత్తకు బతికినన్నాళ్లూ కోటనుంచి భోజనం, వైద్యం ఏర్పాటు చేశాడు. వల్లభయ్యను కౌగిలించుకుని తన భుజం మీది జరీ శాలువా తీసి కప్పాడు.

వల్లభయ్య శాలువా అంచు తిప్పి చూసి, దిగులుగా ముఖం పెట్టాడు. "ప్రభూ, ఇది పుచ్చుకుని లాభం లేదు. దీని మీద ఉయ్యాల ఉంది. రేవుకు వేసిన మొదటిరోజే మళ్లీ తమ ఇంటికే చేరుతుంది."

రాజుగారు పడీ పడీ నవ్వి, వెంటనే ఇంకో రెండు శాలువాలు, ఇంకా గుర్తు పెట్టని కొత్తవి, తెప్పించి ఇచ్చాడు. ముప్ఫై రెండు బొమ్మల జెండాను ఏనుగుల సాలలో దోమతెరగా కట్టారు. ఏనుగులు దాన్ని చూసి ఏమీ అనలేదు. శాస్త్రిగారి వేలి కాగితం నూనె రాస్తే సాయంత్రానికి ఊడిందట.

మరుసటి పున్నమికి కోట మీద కొత్త జెండా ఎగిరింది. తెల్లటి గుడ్డ, ఒక వంపు, ఒక చుక్క. ఏటి అవతలి ఒడ్డునుంచి కూడా పోల్చుకున్నారు. దాని మీద జీడిరసంతో ఆ గుర్తు పెట్టింది పైడమ్మే. సూదిని గట్టిగా పట్టుకుని పెట్టింది, ఆ కుడి బొటనవేలితోనే.